గుప్పెడు బియ్యం, చిటికెడు పసుపు

రావమ్మ గారు మా సంఘంలో సభ్యురాలు కారు. బాప్తిస్మం తీసుకోలేదు, తీసుకుంటానని ఎన్నడూ అనలేదు. ఆవిడ ఇంట్లో దేవుడి గది ఉంది, అందులో రోజూ దీపం వెలుగుతుంది. అయినా మా సంఘంలో కలిసి తినే భోజనం గురించి ఎవరైనా అడిగితే నేను ముందు ఆవిడ గురించే చెబుతాను. నిజానికి ముందు పాస్టరు గారి గురించి చెప్పాలి. ఆయన మంచివారు, ఏమీ అనుకోరు.

నా పేరు సుప్రజ. తిరువూరు బస్టాండు దగ్గర కర్రీ పాయింటు నడుపుతాను. పొద్దున్నే వండిన కూరలు కవర్లలో కట్టి అమ్ముతాను. ఎవరి కవరు వాళ్ళు పట్టుకుపోయి, ఎవరి టీవీ ముందు వాళ్ళు కూర్చుని తింటారు. నా వ్యాపారమే అది, దాన్ని తప్పుపడితే నా పొయ్యి ఆరిపోతుంది. బహుశా అందుకేనేమో, నెలకోసారి సంఘంలో ప్రేమవిందు వంట నాకు అప్పగిస్తే మారు మాట్లాడకుండా గరిటె పట్టుకుంటాను. మొదటి ఆదివారం ఆరాధన ముగిసి, ప్రభువు బల్ల అయిపోయాక అందరం చాపల మీద బంతులుగా కూర్చుని తినే భోజనం అది. బల్ల దగ్గర రొట్టె ముక్క, ద్రాక్షరసం బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే. చాప మీద అన్నం మాత్రం గుమ్మం దాటి వచ్చిన ప్రతివాళ్ళకీ.

ఆ అన్నానికి బియ్యం కొనం. గుప్పెడు బియ్యం అని మా దగ్గర ఒక అలవాటు ఉంది. ఇంట్లో అన్నం వండేటప్పుడల్లా, బియ్యం కడిగే ముందు ఒక గుప్పెడు తీసి పక్కన డబ్బాలో వేస్తారు. నెలాఖరున ఆ డబ్బాలు తెచ్చి సంఘం గోనెసంచిలో పోస్తారు. ఒకరివి సన్నబియ్యం, ఒకరివి రేషన్ బియ్యం, ఒకరివి పాతవి, ఇంకొకరివి నిన్న మొన్న మర పట్టించినవి. అన్నీ ఒకే గుండిగలో వేసి వండి చూడండి, నా బాధ తెలుస్తుంది. సన్నాలు ముద్దయ్యేసరికి రేషన్ బియ్యం ఇంకా పలుకు మీదే ఉంటాయి. ఎన్నేళ్ళుగా వండుతున్నా ఆ అన్నం నాకు లొంగలేదు. కర్రీ పాయింటులో అలాంటి అన్నం పెడితే జనం నా ముఖాన కొట్టిపోతారు. సంఘంలో మాత్రం మళ్ళీ అడిగి వేయించుకుంటారు.

రావమ్మ గారి భర్త వీరరాఘవయ్య గారు. పెనుగొలనులో పొలం, రెడ్డిగూడెం వైపు మామిడితోట ఉన్న మనిషి. పిల్లలు లేరు. పెద్దవయసులో తిరువూరు వచ్చి ఇల్లు కట్టుకున్నారు. మా అమ్మ ఆ పెనుగొలను పొలంలో నాట్లు వేసింది, కలుపు తీసింది. మధ్యాహ్నం కూలీలకు అన్నం పశువుల కొట్టం పక్కన పెట్టేవారు. ఎవరి గిన్నె వాళ్ళు తెచ్చుకుని పట్టుకోవాలి, అంటకుండా పైనుంచి వంచేవారు. వంచింది రావమ్మ గారే. ఆవిడను తప్పుపట్టడానికి చెప్పడం లేదు, అప్పుడు ఊరంతా అదే పద్ధతి. కానీ ఆ సంగతి దాటేసి మిగతాది చెబితే అబద్ధం చెప్పినట్టవుతుంది.

తర్వాత ఎప్పుడో బెజవాడలో ఒక ఆసుపత్రిలో వీరరాఘవయ్య గారూ మా నాన్నా పక్కపక్క మంచాల మీద పడ్డారు. రోజూ భోజనం తెచ్చే రావమ్మ గారు ఒకరోజు జ్వరమొచ్చి కదల్లేకపోయారు. ఆసుపత్రి భోజనం ఆయన నోటికి సహించలేదు. మా అమ్మ క్యారియర్ విప్పి నాన్నకు పెడుతూ, అడగాలా వద్దా అని తెగ మథనపడి, చివరికి, "అయ్యగారూ, ఓ ముద్ద తింటారా?" అంది. ఆయన కాసేపు పైకప్పు వైపు చూశారట. తర్వాత లేచి కూర్చున్నారు. రెండో పళ్ళెం లేదు. నాన్న తిన్న పళ్ళెమే కడిగి అందులో అన్నం, గోంగూర పప్పు పెట్టింది. ఆయన తిని, "ఇంకాస్త ఉందా?" అని అడిగారు. ఆ మాట మా అమ్మ చనిపోయేదాకా చెప్పుకుంది.

తినే ముందు మా నాన్న కళ్ళు మూసుకుని ఏం చెప్పుకున్నాడని ఆయన ఆ మర్నాడు అడిగారు. అలా మొదలైంది. వీరరాఘవయ్య గారు విశ్వాసంలోకి రావడానికి వాక్యమే కారణమని మా పెద్దలు అంటారు. నేను గోంగూర పప్పు అంటాను. ప్రభువు మాత్రం చేసిందేమిటి? ఊరంతా ఛీ అన్న జక్కయ్యను చెట్టు దిగమని పిలిచి, ఇవాళ మీ ఇంటికే వస్తున్నానన్నాడు. సమాధిలోంచి లేచాక సముద్రం ఒడ్డున నిప్పులు రాజేసి, చేపలు కాల్చి, రాత్రంతా వలలు లాగి అలిసిపోయిన శిష్యుల్ని రండి తినండి అని పిలిచాడు. మరణాన్ని గెలిచి వచ్చి వంట చేశాడంటే, వంట చేసేదాన్ని కాబట్టి నాకు ఆ చోట ఒళ్ళు పులకరిస్తుంది.

రావమ్మ గారు మాత్రం మారలేదు. "మీ దేవుడు మీకు, నా దేవుడు నాకు. అన్నం మటుకు ఒక గిన్నెలోనే," అని తేల్చేశారట. పెళ్ళయిన నాటినుంచీ ఆయన తినకుండా ఆవిడ తిని ఎరగరు. అందువల్ల మొదటి ఆదివారాల్లో ఆయనకు పెద్ద చిక్కొచ్చింది. ఇక్కడ బంతిలో తృప్తిగా తినేవారు. అక్కడ ఇంట్లో ఆవిడ కంచాల ముందు ఎదురుచూస్తూ ఉండేవారు. చేసేదేం లేక మళ్ళీ కూర్చునేవారు. రెండోసారి తినలేక కెలుకుతూ, "అబ్బ, ఏం అన్నం వండారు రావమ్మా!" అని మా అన్నాన్ని మెచ్చుకునేవారట. "మన సన్నబియ్యం కంటేనా?" అని ఆవిడ మూతి ముడిచేవారు. ఇదంతా ఆయనే మాకు చెప్పి నవ్వేవారు.

గుప్పెడు బియ్యం సంగతి ఆయన చెబితే ఆవిడ వెంటనే ఒప్పుకున్నారు. ఒక స్టీలు డబ్బా తీసి బియ్యం డ్రమ్ము పక్కన పెట్టారు. "దానం కాదండోయ్. నెలలో ఆ ఒక్కపూట మీరు అక్కడ తింటున్నారుగా, మీ వాటా మీతో పంపిస్తున్నాను," అన్నారట. రాళ్ళు, మట్టిబెడ్డలు ఒక్కటి లేకుండా ఏరిన బియ్యం. ఆ డబ్బా వచ్చిందంటే నాకు చాటతో పని ఉండేది కాదు.

వీరరాఘవయ్య గారు కిందటేడాది పోయారు. ఆయన కోరినట్టే మా సమాధుల తోటలో పెట్టాం. ఇక డబ్బా రాదనుకున్నాను. ఆ నెలాఖరున రావమ్మ గారే ఫోన్ చేసి, "ఆయన వాటా తీసిపెట్టాను, వచ్చి పట్టుకెళ్ళమ్మా," అన్నారు. అప్పటినుంచి ప్రతినెలా నేనే వెళ్ళి తెచ్చేదాన్ని, ఖాళీ డబ్బా తిరిగి ఇచ్చేదాన్ని. ఒక్కటే తేడా. ఆయన పోయాక ఆ బియ్యంలో పసుపు కనిపించడం మొదలైంది. ఎక్కువేం కాదు, చిటికెడు కలిపి చేత్తో పులిమినట్టు గింజలు అక్కడక్కడా పచ్చగా ఉండేవి. కడిగితే పోయేదానికి రాద్ధాంతం ఎందుకని కడిగి వండేశాను.

మొన్న వేసవిలో ఒక శనివారం డబ్బాలు సంచిలో పోస్తుంటే, మూతి పట్టుకున్నది ఆదిశేషయ్య గారు. మా సంఘ పెద్ద, ఆర్టీసీలో కండక్టరుగా రిటైరైన మనిషి. టికెట్టు లేని ప్రయాణికుణ్ణి పట్టుకున్నట్టు నా చెయ్యి ఆపేశారు.

"ఇవేంటమ్మా? అక్షింతలు!"

"పసుపండి, కడిగితే పోతుంది," అన్నాను.

"పసుపు పోతుంది. విగ్రహానికి పెట్టిన సంగతి పోతుందా? ఇది విగ్రహాలకు అర్పించింది అని తెలిశాక తినొద్దని బైబిల్లో పౌలు గారు రాశారా లేదా?"

రాశాడు. ఆదిశేషయ్య గారితో వాక్యం మీద వాదించి గెలిచినవాళ్ళు తిరువూరులో లేరు. ఆయన కోపానికి ఒక కారణం ఉందని కూడా మాకు తెలుసు. గంపలగూడెం దగ్గర నిష్ఠగల ఇంట్లో పుట్టారు. కుర్రతనంలో బాప్తిస్మం తీసుకుని బంధువుల పెళ్ళికి వెళితే, బంతిలో కూర్చున్న మనిషిని సగం భోజనంలో లేపేశారు. పప్పు కలిపిన చెయ్యి అలాగే పట్టుకుని బయటికి నడిచానని ఆయన సాక్ష్యంలో ఎప్పుడూ చెబుతారు. పసుపూ అక్షింతలూ చూస్తే ఆయనకు ఆ పెళ్ళి కళ్ళముందు కదులుతుంది.

పాస్టరు ప్రేమ్ కిరణ్ గారు చిన్నవారు, కొత్తగా వచ్చారు. ఇద్దరి మధ్యా నలిగిపోయి, "ఈ నెలకు ఆ డబ్బా పక్కన పెడదాం. సుప్రజక్కా, ఇకనుంచి పంపొద్దని ఆవిడకు నెమ్మదిగా చెప్పండి," అన్నారు. నెమ్మదిగా చెప్పడం అనే పని ఎప్పుడూ నాలాంటి నోరున్నవాళ్ళకే ఎందుకు పడుతుందో అర్థం కాదు. విందు వండాను, వడ్డించాను, నాకు మాత్రం ముద్ద దిగలేదు. వీరరాఘవయ్య గారి వాటా మూత పెట్టి మూల కూర్చోబెట్టి, మేమంతా ఆయన కూర్చునే చాప మీద కూర్చుని తింటున్నాం.

సోమవారం ఆవిడ ఇంటికి వెళ్ళాను. రావమ్మ గారు నా చేతులవైపు చూశారు.

"డబ్బా తేలేదే?"

"అమ్మగారూ... ఈ నెల మీ బియ్యం వెయ్యలేదండి. ఇకమీదట వద్దన్నారు."

ఆవిడ స్తంభానికి ఆనుకున్నారు. చాలా చిన్న గొంతుతో అడిగారు.

"నా చేతివనా?"

"ఏంటండీ?"

"మొగుడు పోయినదాని చేతి బియ్యమనా? అందుకేగా పసుపు కలిపి పంపాను. వట్టి తెల్లబియ్యం అశుభానికి వాడతాం. మీరు నలుగురూ కూర్చుని తినేచోటికి నా చేతులమీదుగా అలా ఎలా పంపను? తిన్నవాళ్ళకు ఏ కీడూ తగలకూడదని, శుభం కావాలని ఇంత పసుపు పులిమాను. అయినా వద్దన్నారా?"

మాకు కీడు తగలకూడదని కలిపిన పసుపును మేం పాపమని పక్కన పెట్టాం. దాచి లాభం లేదని జరిగిందంతా చెప్పేశాను. వింటూ వింటూ ఆవిడ ముఖం మారిపోయింది.

"ఓస్! మా దేవుడికి పెట్టి పంపాననుకున్నారా? మా దేవుడికి పెట్టింది మేం కళ్ళకద్దుకుని తింటాం. మీకెందుకు పంపుతాను?"

ఇద్దరం నవ్వేశాం. నవ్వుతూనే ఆవిడ కళ్ళు తుడుచుకున్నారు. "ఇంట్లో ఆయన కంచం ఎలాగూ లేదు సుప్రజా. ఆ బంతిలోనైనా ఆయన వాటా అన్నం ఉందనుకుంటే నాకు ఆ పూట తిండి సహిస్తుంది. అది కూడా లేకుండా చెయ్యొద్దని చెప్పు," అన్నారు. మళ్ళీ తలెత్తారు. "ఆయన సంవత్సరీకం వస్తోంది. మావాళ్ళు మా పద్ధతిలో చేసేది చేస్తారు. దాని మర్నాడు ఆయనతో కూర్చుని తిన్నవాళ్ళందరికీ ఇక్కడ, నా ఇంట్లో, నేను వండి పెడతాను. ఆ పెద్దాయన్ని కూడా తప్పకుండా రమ్మను. పసుపు వెయ్యనులే."

ఆ సాయంత్రం మందిరంలో ఈ మాటలన్నీ పొల్లుపోకుండా అప్పజెప్పాను. ఆదిశేషయ్య గారు వింటూ కూర్చున్నారు. ప్రేమ్ కిరణ్ గారు పౌలు కొరింథీయులకు రాసిన పత్రికలో అదే అధ్యాయం తీసి, ఆయన చెప్పిన వచనానికి కాస్త పైన వేలు పెట్టి చదివారు. నమ్మనివారెవరైనా మిమ్మల్ని భోజనానికి పిలిచి, మీకు వెళ్ళాలని మనసుంటే, వడ్డించింది ఏమిటని అడక్కుండా తినమని ఉంది అక్కడ.

"మనసుంటే అని ఉంది కదా బాబూ," అన్నారు ఆదిశేషయ్య గారు. "మనసుండాలిగా." అని లేచి, టీవీఎస్ స్టార్ట్ చేసుకుని వెళ్ళిపోయారు.

అనుకున్న రోజు రానే వచ్చింది. రావమ్మ గారు హాల్లో చాపలు పరిచి విస్తళ్ళు వేశారు. మావాళ్ళు గుమ్మం దగ్గర ఆగిపోయారు. ఊరవతల పేటలో పుట్టినవాళ్ళం, ఆ ఇంటి వాకిలి దాకానే కాళ్ళు అలవాటు. "రండమ్మా, లోపలికి రండి, కాళ్ళు నొప్పెట్టడం లేదా?" అని ఆవిడ కసిరినట్టే పిలిచారు. లోపలికి అడుగుపెడుతుంటే మా అమ్మ గుర్తొచ్చింది. అందరం కూర్చున్నాం. ఒక విస్తరి ముందు మాత్రం ఎవరూ లేరు. గోంగూర పప్పు, దోసకాయ కూర, చారు అన్నీ సిద్ధంగా ఉన్నాయి. రావమ్మ గారు అన్నం గిన్నె పట్టుకుని వడ్డించకుండా వాకిలి వైపే చూస్తున్నారు.

"ఆయన రాకపోవచ్చండి," అన్నాను మెల్లగా.

"చూద్దాం. ఎదురుచూడ్డం నాకేం కొత్త కాదు," అన్నారు.

అప్పుడు టీవీఎస్ చప్పుడైంది. ఆదిశేషయ్య గారు కాళ్ళ మధ్య గోనెసంచి పెట్టుకుని వచ్చారు. సంఘం బియ్యం సంచి. లోపలికి మోసుకొచ్చి, రావమ్మ గారి ఎదురుగా మూతి విప్పారు. పైన పసుపు గింజలు కనిపిస్తున్నాయి. ఖాళీ స్టీలు డబ్బా ఆవిడ చేతికిచ్చారు.

"మీ డబ్బా ఇందులో పోసేశానమ్మా. వీరరాఘవయ్య గారి వాటా. ఇది వండితేగానీ నేను తినను," అన్నారు. "ఒకప్పుడు నన్ను బంతిలోంచి లేపారు. నేను మిమ్మల్ని కూర్చోనివ్వకుండానే లేపేశాను. మనసులో ఉంచుకోకండి."

"అయ్యో, అంత మాటెందుకండీ," అని ఆవిడ కంగారుపడి గిన్నె కింద పెట్టారు.

ఇక వంటింట్లో మళ్ళీ పొయ్యి వెలిగించాం. నేను కడిగాను, ఆవిడ ఎసరు పెట్టారు. వండిన సన్నబియ్యం అన్నం పక్కన ఆవిరి కక్కుతూ ఉంటే, అంతమంది ఖాళీ విస్తళ్ళ ముందు కూర్చుని ఈ బియ్యం ఉడికేదాకా ఎదురుచూశారు. ప్రేమ్ కిరణ్ గారు ప్రభువు జనాన్ని పచ్చిక మీద పంక్తులు తీరి కూర్చోబెట్టి రొట్టెలు పంచిన సంగతి ఎత్తుకున్నారు. రొట్టెలు చేతికి రాకముందే కూర్చోమంటే కూర్చున్నారు చూడండి, అన్నారు. ఆకలి మీద ఉన్న ప్రసంగం కాబట్టి చిన్నదిగానే ముగించారు.

అన్నం వార్చి తెచ్చి రావమ్మ గారు అందరికీ వడ్డించారు. ప్రార్థన అయింది. ఎవరైనా ముద్ద కలిపేలోపు ఆదిశేషయ్య గారు తన పక్కనున్నవాళ్ళను జరగమని, చాప మీద చోటు చేశారు.

"మీరూ కూర్చోండమ్మా."

"ఇంటిదాన్ని, నేను ఆఖర్న తింటాను లెండి. ముందు మీరు కానివ్వండి."

"ఆయన కోసం జీవితమంతా ఆగారు. ఇవాళ మీ కోసం మేం ఆగుతాం. తినడానికి కూడి వచ్చినప్పుడు ఒకరికోసం ఒకరు ఆగమని కూడా పౌలు గారే రాశారు. మీరు కూర్చునేదాకా ఇక్కడ ఒక్కరూ ముద్ద కలపరు. సుప్రజ వడ్డిస్తుంది."

ఆవిడ అందరి ముఖాలూ చూశారు. నిజంగానే ఒక్క చెయ్యీ కదల్లేదు. చీర కుచ్చిళ్ళు సర్దుకుని, బంతిలో కూర్చున్నారు. నేను మోకాళ్ళ మీద వంగి, ఆవిడ విస్తట్లో అన్నం పెట్టి, పప్పు వేశాను. నాకు ఇలాంటి రోజు ఇచ్చినందుకు ప్రభువుకు అక్కడికక్కడే కృతజ్ఞత చెప్పుకున్నాను. మా అమ్మకు కూడా చెప్పుకున్నాను.

రావమ్మ గారు ఒక ముద్ద కలిపి నోట్లో పెట్టుకున్నారు. నమలడం ఆపి విస్తరి వైపు చూశారు. మళ్ళీ నమిలారు. కళ్ళనిండా నీళ్ళు, పెదాల మీద నవ్వు.

"సగం ముద్ద, సగం పలుకు! ఈ అన్నానికా ఇంటికొచ్చి అంతలా మురిసిపోయేవారు!"

అందరూ ఘొల్లుమన్నారు. ఆదిశేషయ్య గారు కూడా నవ్వారు. ఆవిడ మాత్రం తల వంచుకుని తింటూనే ఉన్నారు. కాసేపటికి విస్తట్లో ఖాళీ కనిపించింది. తలెత్తి నన్ను వెతుక్కున్నారు.

"సుప్రజా, ఇంకాస్త ఉందా?" అన్నారు.